కల్వర్టు మైసమ్మ

అంబదాస్ అన్న గురించి మా డిపోలో ఎవరిని అడిగినా ఒక కథ చెబుతారు. అందులో పాపాత్మురాలిని నేనే. చెప్పుకోనివ్వండి. చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు ఆ బస్సులో లేరు. టికెట్ మిషన్ మెడలో వేసుకుని ఆయన పక్కన నిలబడ్డది నేను. నా పేరు వినోద, కరీంనగర్ సిటీ బస్సుల్లో కండక్టర్‌ను. నాకు నోరెక్కువ అంటారు. నోరు లేని ఆడమనిషి సిటీ బస్సులో ఒక్క పూట నెగ్గుకురాదు కాబట్టి ఆ మాటకు నేను ఎప్పుడూ నొచ్చుకోలేదు.

అంబదాస్ అన్నది నేతపని ఇల్లు. వాళ్ల బాపు సిరిసిల్లలో పవర్‌లూమ్ నడిపేవాడు. మీసం మొలవకముందే అన్నను కూడా మగ్గాల మధ్య నిలబెట్టారు. అక్కడి కూలి డబ్బులు కూరకు వస్తే బియ్యానికి రావు, ఆ పని వద్దనుకుని అన్న లారీ ఎక్కాడు. ఆదిలాబాద్ నుంచి పత్తి బేళ్లు వేసుకొచ్చే లారీకి క్లీనర్‌గా మొదలై, ఖానాపూర్ వైపు అడవి మలుపుల్లో స్టీరింగ్ నేర్చుకున్నాడు. తర్వాత బస్సు. "లారీల సామానుంటది, బస్సుల పానాలుంటయి" అంటాడు. స్టీరింగ్ ముందు కూర్చునే ముందు దాన్ని ఒకసారి చేత్తో తుడిచి కళ్లకద్దుకుంటాడు. అనవసరంగా హారన్ కొట్టడు. ముసలివాళ్లు మెట్టు దిగి రెండు కాళ్లూ నేలమీద పెట్టేదాకా బండి కదిలించడు. వెనక నుంచి కుర్రాళ్లు అరిచినా వినిపించుకోడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తాగుబోతు నా చెయ్యి పట్టుకున్నాడు. బస్సులో అంతమంది ఉన్నారు, అందరూ కిటికీలోంచి బయటకు చూశారు. అంబదాస్ అన్న ముందు అద్దంలో చూశాడు. రూటు మార్చి, బస్సు మొత్తాన్ని తీసుకెళ్లి పోలీస్ స్టేషన్ ముందు ఆపాడు. "దిగు బావా, మీ అత్తగారిల్లు వచ్చింది" అన్నాడు వాడితో. ఆ రోజు నుంచి నాకు ఆయన అన్న. నా తోడబుట్టినవాళ్లకంటే ఎక్కువే అంటాను, వాళ్లు విన్నా సరే.

ఆయనకు ఒక అలవాటు ఉంది. దారిలో దేవుడు కనబడితే దండం పెట్టకుండా పోడు. హనుమాన్ గుడి, పోచమ్మ, ఎల్లమ్మ, సాయిబుల దర్గా, ఏదైనా సరే. చెయ్యి స్టీరింగ్ మీద నుంచి లేచి గుండెకు తాకుతుంది, పెదాలు కదులుతాయి, మెడ వంగుతుంది, కళ్లు ఒక్క క్షణం మూసుకుంటాయి. మా డ్రైవర్లందరికీ ఈ అలవాటు ఉంది, ఆయనకు కొంచెం ఎక్కువ. ఎక్కే జనానికి కూడా అదే ధైర్యం. దండం పెట్టని డ్రైవర్‌ను చూస్తేనే మావాళ్లకు అనుమానం.

కరీంనగర్‌కు కరెంటు బస్సులు వచ్చాయి. తెల్లగా, నున్నగా, లోపల చల్లగా ఉన్నాయి. వాటితో పాటే స్టీరింగ్ పైన ఒక చిన్న నల్ల డబ్బా వచ్చింది. అది డ్రైవర్ మొహం చూస్తుందట. కనురెప్పలు వాలినా, తల వంగినా పసిగట్టి కీ కీమని మొత్తుకుని, కంట్రోల్ రూమ్‌కు కబురు పంపుతుందట. కృత్రిమ మేధ అన్నారు. మా షాబాజ్ భాయ్, ఆయనా డ్రైవరే, దానికి ఆ రోజే పేరు పెట్టేశాడు, జాసూస్ అని, అంటే గూఢచారి. అప్పటికే ఊళ్లో చౌరస్తాలన్నింటికీ కెమెరాలు పెట్టారు. హెల్మెట్ లేనివాడిని, ముగ్గురెక్కిన బండిని అవే కనిపెడుతున్నాయి. బస్సు వస్తుంటే సిగ్నల్ దానంతటదే పచ్చగా మారుతోంది. అది బాగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ మొహంలోకి చూస్తూ కూర్చునే దాన్ని ఎవడు నమ్ముతాడు?

"గిది మన డ్రైవింగంత నేర్సుకుంటదట. నేర్సుకున్నంక మనల ఇంటికి తోలుతరట" అన్నాడు ఒక డ్రైవర్.

"మాటలు గూడ ఇంటదట. మేనేజర్ సారును తిట్టినా తెల్సిపోతదట" అన్నాడు ఇంకొకడు.

నేను నమ్మాను. దాని దగ్గరికి వెళ్లి మాట్లాడాల్సి వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. డిపోలో ఒకరినొకరు చూసుకునే తీరు కూడా మారింది. ఎవరైనా ఆఫీసు గదిలోంచి బయటకు వస్తే, లోపల ఏం చెప్పి వచ్చాడో అని అందరి కళ్లూ వాడి మీదే.

డబ్బాలు పెట్టించిన కంపెనీ తరఫున నవ్యశ్రీ అని ఒక ఇంజనీరమ్మ వచ్చింది. హైదరాబాద్ పిల్ల అనుకున్నాం, కాదట, ఖానాపూర్ పిల్లేనట. అదింకా అనుమానం. మన పిల్లయితే మన మెడకు ఉరి ఎందుకు తెస్తుంది?

మొదటి వారం అంబదాస్ అన్న బస్సు రోజంతా కీ కీమంది. హనుమాన్ గుడి దగ్గర కీ కీ. పోచమ్మ దగ్గర కీ కీ. ప్రయాణికులు నవ్వడం మొదలుపెట్టారు. కంట్రోల్ రూమ్ నుంచి డ్రైవర్ నిద్రపోతున్నాడని ఆఫీసుకు కబురు. డిపో మొత్తం భగ్గుమంది. నేనైతే మేనేజర్ సారు గది ముందు నిలబడి గొంతు చించుకున్నాను.

"దేవునికి దండం పెడితే నిద్రవోయినట్టా సార్? రేపు తుమ్మితే సచ్చినట్టు రాస్తదా మీ డబ్బ?"

నవ్యశ్రీ అడ్డం చెప్పలేదు. వీడియోలు చూసింది, మీరు చెప్పింది నిజమేనంది. దారిలో ఉన్న గుళ్లు, దర్గాలన్నీ గుర్తించి, ఆ జాగాల్లో తల వంగినా అలారం కొట్టకుండా జాసూస్‌కు నేర్పించింది. మేము గెలిచామని షాబాజ్ భాయ్ అందరికీ చాయ్ తాగించాడు.

ఆ తర్వాత కల్వర్టు దగ్గర మోగింది.

ఊరు దాటి చొప్పదండి వైపు పోతుంటే ఒకచోట రోడ్డు తిన్నగా ఉంటుంది. చౌరస్తాలు లేవు, స్పీడ్ బ్రేకర్లు లేవు. అటు పొలం, ఇటు పొలం, మధ్యలో చిన్న కల్వర్టు. అక్కడ గుడి లేదు, దర్గా లేదు, చెట్టుకు కట్టిన ఎర్ర గుడ్డ కూడా లేదు. మధ్యాహ్నం ట్రిప్పులో అక్కడ అలారం వచ్చింది. కొన్నాళ్లకు మళ్లీ అక్కడే. మేనేజర్ సారు అన్నను పిలిచి, మూడోసారి వస్తే స్టీరింగ్ తీసేస్తామని, డిపోలో బస్సులకు చార్జింగ్ పెట్టే పని ఇస్తామని చెప్పాడు.

అన్న ఆ రోజు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని అన్నం కలిపాడు, తినలేదు.

"కండ్లు మూసుకోలే వినోదా. నీ తోడు. నాకు తెల్వకుంట నేనెట్ల నిద్రవోత?" అన్నాడు. "స్టీరింగ్ లేకుంటే నేనేంది? ప్లగ్గులు వెట్టుకుంట కూసోవాల్నా?"

ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు కడుపు మండిపోయింది. సీనియర్ డ్రైవర్లను తప్పించడానికే ఈ నాటకం అని నాకు అనుమానం. అనుమానం ఏమిటి, నమ్మకమే. డిపోలో అందరిదీ అదే మాట.

ఉపాయం షాబాజ్ భాయ్‌కి తట్టింది.

"కల్వర్ట్ కాడ దేవుడు లేడనే కదా పరేషాన్? దేవున్ని తెద్దాం" అన్నాడు.

మొదట అందరం నవ్వాం. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆదివారం పొద్దున డ్యూటీ లేని డ్రైవర్లు కలిసి మంచి రాయి ఒకటి తెచ్చి కల్వర్టు పక్కన నిలబెట్టారు. రంగు డబ్బా షాబాజ్ భాయ్ తెచ్చాడు, రాయికి మాత్రం చెయ్యి తాకించలేదు. "గది మీ పని, తప్పయితే మీకే" అన్నాడు. పసుపు పూశారు, ఎర్ర బొట్లు పెట్టారు, వేపమండలు కట్టారు, కళ్లు దిద్దారు. మైసమ్మ అని పేరు పెట్టారు. నేను నిమ్మకాయలు పట్టుకుని నిలబడ్డాను. వద్దని నోరెత్తలేదు, ఆ రోజు నాకు అది తప్పనిపించలేదు.

మేము చేసింది మాకు తెలుసు, ఊరివాళ్లకు తెలియదు కదా. రెండో రోజుకే ఎవరో కొబ్బరికాయ కొట్టారు. వారం తిరగకుండా గాజులు, జాకెట్టు గుడ్డలు, కోడి ఈకలు కూడా కనిపించాయి. రోడ్డు అవతల ఉండే రామవ్వ అనే ముసలమ్మ రోజూ మధ్యాహ్నం చెంబుతో నీళ్లు తెచ్చి రాయి మీద పోయడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే, "గీ తల్లి నా సిన్నప్పటి సంది గీడనే ఉన్నది బిడ్డా" అని కూడా చెప్పేది. ఆమె అంత గట్టిగా చెబుతుంటే నాకే ఒక్కోసారి అనుమానం వచ్చేది.

అన్న కల్వర్టు దగ్గర మైసమ్మకు దండం పెట్టాడని మేము ఆఫీసులో చెప్పాం, తనిఖీకి మేనేజర్ సారు, నవ్యశ్రీ కలిసి వచ్చారు. నన్ను, అన్నను కూడా బస్సు తీసుకుని రమ్మన్నారు. నవ్యశ్రీ రాయి దగ్గర కూర్చుని వేలితో తాకింది. లేచి వేలు చూసుకుంది. ఎర్ర రంగు అంటింది.

"కుంకుమ మేడం" అన్నాను.

"ఆయిల్ పెయింట్ వాసన వస్తుందక్కా" అంది.

ఇంతలో రామవ్వ చెంబుతో రోడ్డు దాటి వచ్చింది. మేనేజర్ సారు గబగబా చెప్పులు విప్పి రెండు చేతులూ జోడించాడు. ఊరి దేవత జోలికి వెళ్లి ఎవరు లొల్లి తెచ్చుకుంటారు? "ఇది కూడా గుళ్ల లిస్టులో కలిపేయండి" అని నవ్యశ్రీకి చెప్పి కారు ఎక్కాడు.

ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "మీరు రోజూ ఆయన పక్కనే ఉంటరు కదక్కా. నిజంగా దండమే పెడుతున్నడా?"

"మైసమ్మ ఉన్నదా లేదా? మీ కండ్ల ముందే ఉన్నది కద" అన్నాను.

"నేను అడిగింది అది కాదు. ఇక్కడ రోడ్డు తిన్నగ ఉంటది. అన్నం తిన్నంక ట్రిప్పు. నిద్ర వచ్చే జాగ ఇది. మీకేమన్న అనిపిస్తే నాకు చెప్పండి. మీ పేరు బయటకు రాదు."

ఒళ్లు మండింది. "నేను జాసూస్‌ను కాదు మేడం. మీ డబ్బ ఉన్నది కదా, దాన్నే అడుగుండ్రి" అని బస్సెక్కేశాను. పేరు బయటకు రాదట! నన్ను ఏమనుకుంది?

కానీ ఆ పిల్ల మాట నన్ను వదల్లేదు. మరునాటి నుంచి నాకు తెలియకుండానే ఆయన వైపు చూడటం మొదలుపెట్టాను. టికెట్లు త్వరగా కొట్టేసి ముందుకు వచ్చి, రాడ్ పట్టుకుని, ఏదో రోడ్డు చూస్తున్నట్టు నిలబడేదాన్ని. సొంత అన్న జేబు వెతుకుతున్నంత సిగ్గుగా ఉండేది. అయినా చూశాను.

హనుమాన్ గుడి దగ్గర చెయ్యి లేచింది. గుండెకు తాకింది. పెదాలు కదిలాయి. దర్గా దగ్గరా అంతే. ఊరు దాటాం. బస్సు మెత్తగా పోతోంది. కల్వర్టు వచ్చింది. అన్న తల వంగింది.

చెయ్యి లేవలేదు.

 దండం పెట్టేవాడికి చెయ్యి లేవదా? పెదాలు కదలవా? తల ఒకటే వంగింది. కాదు, వంగలేదు, జారింది. నేను చిల్లర కింద పడేసినట్టు చేసి పెద్దగా చప్పుడు చేశాను. ఆయన ఉలిక్కిపడి తల ఎత్తాడు, స్టీరింగ్ సర్దుకున్నాడు. జాసూస్ కిక్కురుమనలేదు. అనకుండా నోరు కట్టేసింది మేమే కదా.

"దండం పెట్టినవా అన్నా?" అని అడిగాను.

"పెట్టిన కదనే" అన్నాడు. అబద్ధం చెప్పే మొహం కాదది. అక్కడే నాకు ఇంకా భయమేసింది. ఆయన నిజంగానే పెట్టానని అనుకుంటున్నాడు.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అన్న ఇంకా రాలేదు. వదినె జమున చాయ్ పెట్టింది. నేను చుట్టూ తిప్పకుండా అన్న పడుకుంటున్నాడా అని అడిగాను.

"ఏం పండుడు వినోదా! గురక వెడ్తడు, నడుమిట్ల ఊపిరి ఆగుతది. నేను దబ్బున లేచి గుద్దుతా. మల్ల ఊపిరి దీసుకుంటడు. రాత్రంత గిదే లొల్లి. పొద్దుగాల అడిగితే మంచిగ నిద్రవట్టిందంటడు" అంది. "నిద్రవట్టింది నాకు గాదు, గాయనకు గాదు."

"దవాఖానకు పోలేదా?"

"గురకకు దవాఖాన ఏందని కొట్లాడతడు. గాయనకు నిద్రంటే లెక్కనే లేదు. మగ్గాల కాడ నిలబడి నిద్రవోయేటోడట. గుడ్డ నడుస్తనే ఉంటదట, గాయన నిద్రవోతనే ఉంటడట. పోగు తెగితె సప్పుడు మారుతది కదా, దబ్బున మెలకువ అయ్యేదట. గది జెప్పుకొని మురుస్తడు." ఆమె నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. పాత డీజిల్ బస్సు రోడ్డంతా గడగడమనేది. గేరు మారిస్తే అరిచేది, బరువెక్కితే మూలిగేది. ఆ చప్పుడు మారినప్పుడల్లా ఆయన మేలుకునేవాడేమో. ఎన్నేళ్లు నిద్రలోనే మమ్మల్ని మోశాడో ఎవరికి తెలుసు? ఈ కరెంటు బస్సుకు చప్పుడే లేదు. మేలుకొలిపేది ఆ నల్ల డబ్బా ఒక్కటే. దానికి మేము మైసమ్మను అడ్డం పెట్టాం.

మరునాడు పొద్దున బస్సు కదలకముందే అన్నకు చెప్పాను. మెల్లగానే చెప్పాను, నా నోటికి మెల్లగా రావడమే కష్టం.

"అన్నా, సెలవు పెట్టు. దవాఖానకు పోదాం, నేనొస్త. నీకు తెల్వకుంటనే కన్ను మూత పడ్తున్నది."

ఆయన నా వైపు చూశాడు. అలాంటి చూపు ఆయన కళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

"గా ఇంజనీరమ్మ నీతోని మాట్లాడింది కదా? నేను చూసిన."

"మాట్లాడింది. నేనేం చెప్పలే."

"మరి గిదేంది? నా మీదనే అనుమానమా? నువ్వు గూడనా?" అన్నాడు. "నా బస్సుల ఎక్కినోళ్లకు గీత పడ్డదా ఇన్నేండ్లల్ల? పో, పొయ్యి టికెట్లు కొట్టు."

నేను ఏడుస్తూ టికెట్లు కొట్టాను.  చేతిలో ఫోన్ ఉంది, నవ్యశ్రీ నంబరు ఉంది. చెప్తే ఆయన బతుకు నా చేత్తో తీసినట్టు. చెప్పకపోతే? ఒకరోజు, ఇంకొకరోజు, నేను పక్కనుంటే మేలుకొలుపుతా కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆయనకు జాసూస్‌ను నేనే అవుతా, ఎవరికీ చెప్పకుండా.

మధ్యాహ్నం ట్రిప్పు. బస్సు నిండా జనం. అంగడికి పోయి వస్తున్నవాళ్లు, మూటలు, చంటిపిల్లలు. నేను కల్వర్టు కంటే ముందే ముందుకు రావాలని చూస్తున్నాను. వెనక సీట్లో ఒకాయన ఆధార్ కార్డు లేని తన భార్యకు ఆడవాళ్ల ఉచిత టికెట్ ఇవ్వమని కొట్లాట పెట్టుకున్నాడు. "ఎట్లిస్త? నా ఉద్యోగం నువ్వు జేస్తవా?" అని అరుస్తూ తల తిప్పాను. ముందు అద్దంలోంచి కల్వర్టు కనబడింది. మైసమ్మ పసుపు కనబడింది. రోడ్డు మధ్యలో చెంబు పట్టుకుని నడుస్తున్న రామవ్వ కనబడింది. ఆమె బస్సు వైపు చూడనేలేదు. చప్పుడు లేని బస్సును ముసలమ్మ ఎలా వింటుంది?

అన్న తల గుండెల మీదికి వాలి ఉంది.

జాసూస్ మోగలేదు.

"అన్నా!" అని నేను అరిచిన అరుపుకు నా గొంతు పగిలింది. జనాన్ని తోసుకుంటూ ముందుకు పడ్డాను, ఎవరి కాలు తొక్కానో ఎవరి బిడ్డ మీద పడ్డానో తెలియదు, చేతికందిన ఆయన భుజాన్ని బలంకొద్దీ కొట్టాను. ఆయన లేచాడు. బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఒకరి మీద ఒకరు కూలిపోయారు. మూటలు, చెప్పులు, పిల్లల ఏడుపు. బస్సు ఆగింది.

ముందు అద్దంలో రామవ్వ కనబడలేదు.

దిగి పరుగెత్తాను. బస్సు మూతికీ ఆమెకూ మధ్య నేను దూరే సందు మాత్రమే ఉంది. ఆమె రోడ్డు మీద కూలబడి ఉంది, దెబ్బ తగల్లేదు. చెంబు బస్సు కిందికి దొర్లిపోయింది. నీళ్లన్నీ ఆమె ఒంటి మీద ఒలికాయి. "నా సెంబు, నా సెంబు" అంటోంది. నేను ఆమెను పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

జనం బిలబిలా దిగారు. ఒకామె మైసమ్మ ముందు సాష్టాంగం పడింది. "తల్లే ఆపింది బస్సును! తల్లే కాపాడింది!" అని ఇంకొకామె గోల. ఎవరో కొబ్బరికాయ తెచ్చారు, ఎక్కడి నుంచి తెచ్చారో. అంబదాస్ అన్న దిగి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. రాయి ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఈసారి పెదాలు కదిలాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన కాళ్లకు మొక్కబోయారు. మంచి డ్రైవర్, మైసమ్మ దయ ఉన్న డ్రైవర్ అన్నారు.

అది చూసి నాకు పిచ్చెక్కింది.

"ఏం తల్లి ఆపిందే? గీ తల్లిని మేమే నిలబెట్టినం! షాబాజ్ భాయ్ రంగు తెచ్చిండు, నేను నిమ్మకాయలు పట్టుకున్న!" అని అరిచాను. ఎవరూ వినలేదు. ఒకాయన మాత్రం, "ఏం ఆడిదిర గిది, అమ్మవారిని గట్లంటది" అని ఉమ్మేశాడు. రామవ్వ కూడా నా చెయ్యి విదిలించుకుంది.

ఫోన్ తీశాను. నవ్యశ్రీ ఎత్తింది. అన్న వినేలాగే మాట్లాడాను. ఆయనకు తెలియకుండా చెబితే నేను నిజంగానే జాసూస్‌ను అవుతాను.

"మేడం, కల్వర్టు కాడ అలారం వచ్చింది. మూడోది."

"ఇక్కడేం రాలేదక్కా" అంది ఆ పిల్ల.

"రాదు. రాకుంట చేసింది మేమే. మిషన్ కొట్టలే మేడం, నేను కొడుతున్న. వినోద చెప్పిందని రాసుకోండ్రి. పేరు దాచకుండ్రి. గీ బస్సు ఇగ కదలదు, వేరే డ్రైవర్‌ను తోలుండ్రి."

ఫోన్ పెట్టేసి అన్న వైపు తిరిగాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. బస్సు తాళం తీసి నా చేతిలో పెట్టాడు. 

"గింత పని చేసినవ్ చెల్లె" అన్నాడు. "ఇగ నేను ఎవనికి ఏమైత?"

"బతికుంటవ్. రామవ్వ గూడ బతికుంటది. ఇగ నాకేం తెల్వదు, పో" అన్నాను. ఏడుపు ఆపుకోలేక గట్టిగానే అన్నాను.

ఆ మాటతో జనం కోపమంతా నా మీదికి మళ్లింది. ఎండలో ఎంతసేపు కూర్చోవాలని, దేవుడిలాంటి మనిషి మీద చాడీలు చెప్పావని, నీకు పుట్టగతులుండవని. ఇంతలో కబురు డిపోకు చేరింది, షాబాజ్ భాయ్ నుంచి ఫోన్ వచ్చింది. "వినోదా, అంబదాస్‌ను ఎందుకు ముంచినవ్?" అని అటునుంచి ఆయన. ఫోన్ పెట్టేశాను. రామవ్వతో సహా ఒక్కో మనిషినీ బస్సెక్కించి నీడకు కూర్చోబెట్టాను. నా పని అదే కదా. వాళ్లు ఎక్కుతూ ఎక్కుతూ తిట్టారు, కూర్చుని తిట్టారు. చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తలుపు దగ్గర నుంచి ఒకాయన రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా నా సంగతి కేకలేసి చెబుతున్నాడు.

ముందు వరసలో కూర్చున్న రామవ్వ చెయ్యెత్తి, "అరే, జర సప్పుడు చెయ్యకుండ్రి" అంది. ఆమె తన పక్క సీటు వైపు చూస్తోంది.

అంబదాస్ అన్న ఆ సీట్లో కూర్చుని ఉన్నాడు. తల కిటికీకి ఆనింది, నోరు తెరుచుకుంది. అంత లొల్లిలో, ఉద్యోగం పోయిన ఆ కొద్దిసేపట్లోనే, ఆయన నిద్రపోయాడు. గురక వచ్చింది. మధ్యలో ఆగిపోయింది. ఎంతకీ రాలేదు. బస్సులో అందరూ తమ ఊపిరి తాము బిగబట్టుకుని ఆయన వైపే చూస్తున్నారు. నన్ను తిట్టినవాళ్లు కూడా. రామవ్వ భయపడి ఆయన మోకాలి మీద కొట్టింది. ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకుని, కళ్లు తెరవకుండానే, అటు తిరిగి పడుకున్నాడు.

"గిసొంటోడా మనల తోలింది?" అన్నాడు వెనక నుంచి ఎవరో, చాలా చిన్న గొంతుతో.

వేరే డ్రైవర్ వచ్చేదాకా బస్సులో మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. చంటిపిల్ల తల్లి ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆయన పక్కన నిలబడి, ఊపిరి ఆగినప్పుడల్లా భుజం తట్టాను.